బావ క్యూ స్టిక్కుకు ఆముదం పట్టించిన వైనం

నెల కింద ఆదోనిలో నా వల్ల ఒక తెల్ల బంతి టేబుల్ మీద నుంచి లేచి, గాల్లో ప్రయాణం చేసి, దిగకూడని చోట దిగింది. ఎక్కడ దిగిందో వరుసలో చెప్తాను. ఇన్ని దినాలు ఎవ్వరికీ చెప్పలేదు. నిన్న మా బావ ఫోన్ చేసినాడు కాబట్టి ఇక దాచి లాభం లేదు. ఇంకొకరి నోటి నుంచి మీకు అందకముందే నేనే చెప్పేస్తే మేలు. ఎమ్మిగనూరు వాళ్లు చెప్తే అందులో మసాలా ఎక్కువ ఉంటుంది. ఆదోని వాళ్లు చెప్తే మసాలా తప్ప ఇంకేమీ ఉండదు. టీ పోసుకోండి. నాకు చక్కెర తక్కువ.

మాది ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఉన్న పల్లె. ప్రైమరీ స్కూల్లో పిల్లకాయలకు ఎక్కాలు, ఒత్తులు నేర్పడం నా ఉద్యోగం. ఎంత తప్పు చేసినా నేను కొట్టను, తిట్టను. కూర్చోబెట్టి ఒక కథ చెప్తాను. పిల్లలు దీనికంటే దెబ్బలే నయమనుకుంటారని మా ఆవిడ సుజాత అభిప్రాయం.

మా బావ రాఘవేంద్ర, అంటే మా అక్క మొగుడు, ఎమ్మిగనూరులో చేనేత చీరల అంగడి పెట్టుకున్నాడు. ఆయనకు పూల్ ఆట పిచ్చి. తెలియని వాళ్లకు చెప్తాను. ఆకుపచ్చ గుడ్డ పరిచిన పెద్ద టేబుల్, దాని అంచుల్లో ఆరు సంచులు, మీద రంగు రంగుల బంతులు. పొడుగాటి కట్టెతో తెల్ల బంతిని పొడిస్తే అది పోయి రంగు బంతిని కొట్టాలి, ఆ రంగు బంతి సంచిలో పడాలి. క్యారమ్స్‌కు పెద్దన్న అనుకోండి. ఆ కట్టె పేరు క్యూ. దాని కొనకు శనగబద్దంత తోలు ముక్క అంటించి ఉంటుంది. దాన్ని టిప్పు అంటారు. ఇప్పుడు నేను చెప్పబోయే గొడవంతా ఆ శనగబద్దంత తోలు గురించే!

ప్రతి సంవత్సరం శ్రావణమాసంలో ఒక ఆదివారం ఆదోనికీ ఎమ్మిగనూరుకూ పోటీ. ఊరికి ఐదుగురు, ఐదు ఆటలు. గెలిచిన ఊరికి ఒక ఇత్తడి చెంబు. చూస్తే మామూలు చెంబే, ఒక పక్క సొట్ట కూడా ఉంది. అయితే మూడేండ్లుగా ఆ చెంబు ఆదోనిలో చంద్రన్న అనే ఆయన పత్తి మండీలో, ఆయన టేబుల్ మీదనే ఉంది. చంద్రన్న వాళ్ల జట్టుకు కెప్టెన్. చెంబును ఊరికే పెట్టుకుంటే సరిపోదా? అందులో పెన్నులు గుచ్చి పెట్టుకున్నాడు. ఆ దోవన పోయినప్పుడల్లా మా బావ ఆ పెన్నులు చూసి వచ్చి, ఆ దినం అన్నం సరిగ్గా తినడని మా అక్క చెప్తుంది.

ఈ పోటీలో నా పాత్ర ఏమిటంటే బోర్డు మీద స్కోరు రాయడం. ఆరేండ్ల నుంచి అదే. "మేష్ట్రు కదప్పా, మార్కులు నువ్వే వెయ్యి," అని మొదటి సంవత్సరం చేతికి సుద్దముక్క ఇచ్చినారు, అంతే. నేనూ ఆట నేర్చుకున్నాను. ఆదివారాలు పొద్దున్నే టేబుల్ ఖాళీగా ఉంటే పోయి ఒక్కణ్నే ఆడుకున్నాను. అయినా ఐదుగురిలో ఒకడివిగా రా అని ఎవరూ పిలవలేదు.

ఈ సంవత్సరం పోటీకి పది దినాల ముందు మా బావ స్కూటర్ మీద నుంచి జారినాడు. కుడి చేతి మణికట్టు చిట్లింది. కట్టు కట్టి, చేతిని మెడ నుంచి జోలె కట్టి వేలాడదీసినారు. నేను పలకరించడానికి ఫోన్ చేస్తే ఆయనే ముందు మాట్లాడినాడు.

"ఏమప్పా బామ్మర్దీ, ఈసారి నా జాగాలో నువ్వు ఆడు."

"నేనా బావా?"

"నువ్వే. ఐదో ఆట. నా క్యూతోనే ఆడు."

"మరి స్కోరు?"

"రాసేదానికి ఇంకొకర్ని చూసుకుంటాంలే. అక్షరం వచ్చినోళ్లు ఎమ్మిగనూరులో ఇంకా ఉండారు."

మీకు ఇది చిన్న సంగతి. నాకు కాదు. బాగా ఆడితే ఇకమీదట ఐదుగురిలో ఒకణ్ని అవుతాను. చెడగొడితే మళ్లీ బోర్డు దగ్గరికే, అది కూడా జీవితాంతం!

గురువారం బడి వదలగానే ఎమ్మిగనూరు పోయినాను. బావ ఎడమ చేత్తో బీరువా తీసి, ఎర్ర మఖ్మల్ పరిచిన పొడుగాటి పెట్టె బయటికి తీసినాడు. క్యూ రెండు ముక్కలుగా పండుకొని ఉంది. ఆయన దాన్ని నిద్ర లేపినట్టు మెల్లగా తీసి, నా చేత బిగింపించి, చెప్పడం మొదలుపెట్టినాడు.

"గోడకు ఆనించొద్దు, వంగిపోతాది. ఎండలో పెట్టొద్దు. తడి చేత్తో ముట్టుకోవద్దు. పిల్లకాయల చేతికియ్యొద్దు."

మా అక్క వంటింట్లో నుంచి అనింది, "నన్ను ఈ ఇంటికి తెచ్చుకున్నప్పుడు కూడా ఇన్ని జాగ్రత్తలు ల్యావప్పా."

బావ వినపడనట్టు ఉండి, క్యూ కొన నా కండ్ల ముందుకు తెచ్చినాడు. "చూడు. టిప్పు గట్టిపడింది. నున్నగ అద్దం మాదిరి మెరుస్తాంది. ఇట్లుంటే బంతి మీద జారిపోతాది. రేపు ఆదోనికి పోయి, క్లబ్బులో ఖాదర్ భాయ్ చేతికియ్యి. ఐదు నిమిషాల పని ఆయనకు. నువ్వేం చెయ్యొద్దు."

ఖాదర్ భాయ్ ఆదోని క్లబ్బులో మార్కర్. ముప్పై ఏండ్లుగా ఆ టేబుళ్లు, బంతులు, కట్టెలు అన్నీ చూసుకునే మనిషి.

"నేనేం చేస్తాను బావా?" అన్నాను.

"అదే చెప్తాండా. ఏం చెయ్యొద్దు."

ఇంత స్పష్టంగా చెప్పినాడు. తరగతిలో నేను ఇంత స్పష్టంగా ఎప్పుడూ చెప్పలేదు.

తిరుగు బస్సులో ఇసుక వేస్తే రాలడం లేదు. శ్రావణం కదా, అందరూ ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి పోయి వచ్చే జనమే. నేను పెట్టెను రెండు చేతులా నిలువుగా పట్టుకొని, గోడకే కాదు, మనిషికి కూడా ఆనించకుండా నిలబడినాను. కండక్టర్ టికెట్ కొడుతూ పెట్టెను కింది నుంచి మీది దాకా చూసినాడు.

"ఏం సార్, దసరాకు ఇంకా రెండు నెల్లుండాది. దేవరగట్టుకు కట్టె ఇప్పుడే తయారు చేసుకుంటాండారా?"

బస్సంతా నవ్వింది. దసరా రాత్రి దేవరగట్టులో ఊళ్లవాళ్లు కట్టెలతో కొట్టుకునే సమరం సంగతి మా పక్క తెలియనిదెవరికి? ఆ కట్టె పట్టుకునే మనిషిలా నేను కనిపించినందుకు లోపల కొంచెం గర్వపడినాను కూడా.

"కాదప్పా, ఇది ఆట కట్టె," అన్నాను.

పక్క సీట్లో గుండు కొట్టించుకున్న ఒక పెద్దాయన, తలకు ఇంకా గంధం ఆరలేదు, నా వైపు తిరిగినాడు. "ఆట కట్టెయితే ఏమి సామీ? నూనె తాపినావా?"

"లేదు పెద్దాయనా."

"అయితే యాడికీ పనికిరాదు. మా ఇంట్లో కట్టెకు నెల ముందు నుంచి ఆముదం తాపుతాం. ఆముదం తాగిన కట్టె మాట వింటాది."

ఆయన పక్క ఊళ్లో దిగిపోయినాడు. దిగిపోతూ నా తలలో ఒక విత్తనం వేసి పోయినాడు!

మా తాత గుర్తొచ్చినాడు. మా పక్క చెప్పులను మెట్లంటారు. తాత కొత్త తోలు మెట్లు కుట్టించుకుంటే, అవి ఇనుప రేకుల మాదిరి ఉండేవి. మూడు దినాలు ఆముదంలో నానబెట్టేవాడు. నాలుగో దినం తీస్తే వెన్న! రాళ్లలో, ముండ్లలో మూడేండ్లు తొడిగినా కాలికి ఒక్క బొబ్బ లేదు. ఇప్పుడు ఆలోచించండి. టిప్పు ఏమిటి? తోలు. దానికొచ్చిన జబ్బు ఏమిటి? గట్టిపడటం. గట్టిపడిన తోలుకు మందు ఏమిటి? ఐదో తరగతి పిల్లవాడు కూడా చెప్తాడు. ఇంత చిన్న దానికి ఆదోని దాకా ఎందుకు?

అయినా శుక్రవారం సాయంత్రం ఆదోని పోదామనే బస్టాపులో నిలబడినాను. అబద్ధం చెప్పను. మొదటి బస్సు నిలపలేదు. రెండోది నిలిపింది, ఎక్కడానికి చోటు లేదు. మూడో దానికి ఫుట్‌బోర్డు మీద కూడా మనుషులు వేలాడుతున్నారు, పెట్టెతో ఎక్కడం కుదరలేదు. ఇదంతా నిజమే. నాలుగో బస్సు కోసం నేను నిలబడలేదన్నదీ అంతే నిజం.

ఇంటికి వచ్చి ఆముదం సీసా అడిగితే సుజాతకు అనుమానం వచ్చింది.

"ఎవరికి?"

"టిప్పుకు."

"అన్న ఖాదర్ భాయ్ చేతికియ్యమన్నాడు కదా?"

మా ఆవిడకు మా బావ వరసకు అన్న. నేను ఆమెను కూర్చోబెట్టి ఒక కథ చెప్పినాను. ఒక ఊళ్లో ఒకాయన ఉండె. బావిలో నీళ్లు తోడుతుంటే బొక్కెన తాడు తెగింది. నాకు ముడి వేయడం రాదు, పట్నంలో తాళ్లవాడి చేత వేయించుకొస్తానని తాడు చంకన పెట్టుకొని ఆరు మైళ్లు నడిచి పోయినాడు. సాయంత్రానికి తిరిగొచ్చేసరికి, ఆయన పెండ్లాం పాత తాడుకు తానే ముడి వేసి, నీళ్లు తోడి, వంట చేసి, గిన్నెలు కూడా కడిగేసింది. కాబట్టి మన పని మనమే చేసుకోవాల.

సుజాత కథంతా ఓపికగా వినింది. "ఈ కథలో తెలివైనది ఎవురు?"

"పెండ్లాం."

"మరి ఆ పెండ్లాం చెప్తాంది, ఆదోనికి పోండి."

కథలు చెప్పేటప్పుడు ఎదుట ఎవరున్నారో చూసుకోవాలని నాకు ఇన్నేండ్ల సర్వీసులో తెలియలేదు. అయినా నేను వినలేదు.

ఇప్పుడొక చిక్కు వచ్చింది. టిప్పు ఆముదంలో మునగాలంటే క్యూ తలకిందులుగా నిలబడాలి. గోడకు ఆనించొద్దన్నాడు బావ. పండబెడితే నూనె పారుతుంది. ఎటు చూసినా దారి లేదు. తల ఎత్తితే నడవలో ఉయ్యాల కొక్కెం కనపడింది! మా పిల్లలు పెద్దవాళ్లయినాక దానికి పని లేదు. సుజాత పాత చీర పీలిక తీసుకొని క్యూ మందపు పక్కకు మెత్తగా చుట్టి, కొక్కేనికి కట్టి, నిలువుగా వేలాడదీసినాను. కింద స్టీలు గ్లాసు. గ్లాసులో ఆముదం. అందులో కొన మునిగింది. గోడకు ఆనలేదు, ఎండ తగల్లేదు, పిల్లకాయలు ముట్టలేదు. బావ చెప్పిన ప్రతి మాటా పాటించినాను, ఒక్కటి తప్ప.

శనివారం పొద్దున పక్కింటి ఈరన్న పాల చెంబుతో వచ్చి గడపలోనే నిలబడిపోయినాడు. పైన కొక్కెం, నడుమ చీర పీలిక, కింద గ్లాసు చూసినాడు.

"ఏం సార్, సెలైన్ ఎక్కిస్తాండారా?"

"దానికి కొంచెం బాగలేదు ఈరన్నా."

"పెద్ద డాక్టరుకు చూపించకపోతిరా?"

లోపల నుంచి సుజాత, "నేనూ అదే చెప్పినానన్నా," అనింది.

ఆదివారం తెల్లారి విప్పి చూసినాను. ఏం చెప్పమంటారు! నానబెట్టిన శనగ మాదిరి ఉబ్బింది. గోటితో నొక్కితే గుంట పడింది, వదిలితే మెల్లగా పైకి లేచింది. మెరుపు కూడా రెండింతలైంది. నేను దాన్ని ఆరోగ్యం అనుకున్నాను. బట్టతో తుడిచి, పెట్టెలో పెట్టి, బయలుదేరినాను. చొక్కా జేబులో అలవాటుగా నాలుగు సుద్దముక్కలు కూడా ఉన్నాయి. టీచర్ల జేబులు మీకు తెలిసిందే.

ఆదోనిలో క్లబ్బు మేడ మీద. పోయేసరికి ఇటువాళ్లు, అటువాళ్లు అందరూ చేరినారు. టేబుల్ మీద కొత్త గుడ్డ! ఆ నెలలోనే మార్చినారంట. ఖాదర్ భాయ్ బ్రష్ పట్టుకొని దాన్ని ఒకే పక్కకు దువ్వుతున్నాడు. ముందు వరుసలో కుర్చీ వేసుకొని, జోలెలో చెయ్యి పెట్టుకొని మా బావ. కిటికీలో చెంబు. చంద్రన్న పెన్నులు తీసి తెచ్చినాడు, అంతవరకు మర్యాద.

"ఖాదర్ భాయ్‌కిచ్చినావా?" అన్నాడు బావ.

"టిప్పు మెత్తగైంది బావా," అన్నాను.

హోంవర్క్ చేసినావా అంటే పుస్తకం తెచ్చినాను సార్ అంటారు చూడండి మా పిల్లలు, సరిగ్గా ఆ జవాబు. ఇరవై ఏండ్లుగా ఆ జవాబును పట్టుకునే నేను, ఆ దినం దాన్ని వాడినాను. బావ ఇంకేదో అడగబోయినాడు. అంతలో మొదటి ఆట మొదలైంది.

మావాళ్లు మొదటిది గెలిచినారు. రెండోది, మూడోది ఆదోని. నాలుగోది మావాళ్లు. రెండుకు రెండు! ఐదో ఆట నాది, ఎదుట చంద్రన్న. చెంబు ఎమ్మిగనూరు పోతుందో, పెన్నుల కిందికి పోతుందో ఇక నా చేతిలో ఉంది. మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

నేను పెట్టె తెరిచినాను. ఫ్యాను గాలికి వాసన హాలంతా పరుచుకుంది.

చంద్రన్న ముక్కు ఎగబీల్చినాడు. "యాడో పసిబిడ్డకు ఆముదం తాపినారప్పా!"

అందరూ కిటికీ వైపు చూసినారు. నేను కూడా చూసినాను.

ఆటకు ముందు టిప్పుకు సుద్ద రాయాలి. ఇది మన తెల్ల సుద్ద కాదు, నీలం బిళ్ల. తోలుకు రుద్దితే సన్నగా పొడి పట్టుకుంటుంది, దాంతో కట్టె బంతి మీద జారకుండా ఉంటుంది. నేను రుద్దినాను. పొడి పట్టలేదు. నూనెలో కలిసి నీలం కాటుక అయింది! ఇంకా రుద్దినాను. ఇంకా కాటుక. సరే, రంగు ఉంది కదా, చాలనుకున్నాను.

మొదటి దెబ్బ నాది. వంగినాను. గురి చూసినాను. ఆరేండ్లు బోర్డు దగ్గర నిలబడి చూసినవన్నీ గుర్తు చేసుకుంటూ, చాలాసేపు గురి చూసినాను. అంతసేపు వంగి ఉంటే ఏమవుతుందో నాకు తట్టలేదు. టప్, టప్, టప్. కొత్త గుడ్డ మీద మూడు చుక్కలు.

తర్వాత గట్టిగా పొడిచినాను.

టిప్పు తెల్ల బంతి బుగ్గ మీద సర్రున జారి, దాని అడుగుకు దూరింది. బంతి లేచింది! రంగు బంతుల మీదుగా, వాటిని ఒక్కదాన్నీ ముట్టకుండా, టేబుల్ అంచు దాటి, అటు పక్కకు పోయింది. అందరి తలలూ దాంతో పాటు తిరిగినాయి. మా బావ లేచే ప్రయత్నం చేసినాడు గానీ టైము చాలలేదు. బంతి వచ్చి సరిగ్గా ఆయన మెడ నుంచి వేలాడుతున్న జోలెలో, మోచేయి పక్కన, మెత్తగా పడింది.

అందరూ జోలెలోకి తొంగి చూసినారు.

"సంచిలోనే పడింది కదప్పా," అన్నాడు చంద్రన్న. "పాయింటియ్యండి పాపం."

ఇక చూడండి! ఆ నవ్వులకు మేడ కూలుతుందేమో అనుకున్నాను. మా ఎమ్మిగనూరు వాళ్లు కూడా నవ్వుతున్నారు, గోడ వైపు తిరిగి. బావ మాత్రం నవ్వలేదు. ఎడమ చెయ్యి జోలెలో పెట్టి బంతిని తీసినాడు. తిప్పి చూసినాడు. దాని మీద నీలం మరక. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇదేంది, ఆముదం?"

నేను టేబుల్ కింద ఏదో పడిపోయినట్టు చూసినాను.

అంతలో టేబుల్ అవతల నుంచి ఖాదర్ భాయ్ కేక. "యా అల్లా! నా గుడ్డ!"

ఆ కేకకు నాలో టీచర్ మేలుకున్నాడు. మధ్యాహ్నం పిల్లల ఊరగాయ నూనె నోటు పుస్తకాల మీద పడుతుంటుంది, నేను రోజూ చేసే పనే. జేబులో నుంచి రెండు సుద్దముక్కలు తీసి, పెట్టె అడుగుతో నలగ్గొట్టి, ఆ పొడి మూడు చుక్కల మీద చల్లినాను. కాసేపు ఆగి బ్రష్‌తో దులిపితే రెండు చుక్కలు పోయినాయి. మూడోదానికి ఇంకో ముక్క నలగ్గొట్టాల్సి వచ్చింది. అదీ పోయింది.

ఖాదర్ భాయ్ వంగి, కంటిని గుడ్డకు ఆనించినంత దగ్గరగా పెట్టి చూసి, నిటారుగా నిలబడినాడు. "సార్, పొద్దున్నుంచి మీరు చేసిన పనుల్లో ఇది ఒక్కటే తెలివైన పని."

తర్వాత క్యూ తీసుకొని కొన చూసినాడు. వేలితో నొక్కినాడు. గుంట పడింది. లేచింది. మళ్లీ నొక్కినాడు. ఆయన ముఖం చూస్తే నాకు జాలేసింది.

"ఎన్ని దినాలు సార్?"

"రెండు రాత్రులు, ఒక పగలు."

"యాడ?"

"ఇంట్లోనే. మా తాత మెట్లకు ఇదే మందు కదా అని, ఉయ్యాల కొక్కేనికి వేలాడదీసి."

ఆ మాటకు బావ కండ్లు మూసుకున్నాడు.

ఖాదర్ భాయ్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నన్ను ఒక పక్కకు పిలిచి, క్లబ్బు కట్టె ఒకటి తెచ్చి, దాని టిప్పు చూపించినాడు. జేబులో నుంచి ఉప్పుకాగితం తీసి, దాని గరుకు పక్కతో ఆ తోలును రెండు సార్లు మెల్లగా రుద్దినాడు. మెరుపు పోయి పైన సన్నగా నూగు లేచింది. రూపాయి బిళ్ల పక్కన పెట్టి, టిప్పు తల ఆ అంచు మాదిరి గుండ్రంగా ఉండాలని చూపించినాడు. మొత్తం ఐదు నిమిషాలు. బావ చెప్పిన ఐదు నిమిషాలే!

"ఇప్పుడు చెప్పండి సార్. టిప్పు మెత్తగా ఉండాల్నా?"

"వద్దు."

"ఎట్లుండాల?"

"గరుకుగా."

"ఎందుకు?"

"సుద్ద పట్టుకోవడానికి."

"సుద్ద ఎందుకు?"

"బంతి మీద జారకుండా."

"శభాష్. మెట్లు మెత్తగుంటే కాలికి సుఖం సార్. ఇది కాలికేసుకునేది కాదు. ఇంకోసారి మొత్తం చెప్పండి."

మొత్తం చెప్పినాను. చెప్పడం అయినాక చూసుకుంటే నా రెండు చేతులూ కట్టుకొని ఉన్నాను. ఎప్పుడు కట్టుకున్నానో నాకే తెలియదు.

ఆట మిగిలింది కదా. బంతి టేబుల్ దాటిపోతే తప్పు, కాబట్టి ఎదుటివాడు దాన్ని ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకొని ఆడొచ్చు. చంద్రన్న అట్లే పెట్టుకున్నాడు. నేను క్లబ్బు కట్టె పట్టుకొని నిలబడినాను. మళ్లీ నా వంతు ఒక్కసారి వచ్చింది. ఒక బంతి వేసినాను, చాలా బాగా పడింది. ఎవరూ చూడలేదు, అందరూ బావ జోలె వాసన చూస్తున్నారు. చంద్రన్న ముగించేసినాడు.

స్కోరు రాయడానికి పెట్టుకున్న కొత్త మనిషి అప్పటికే బస్సు టైమైందని పోయినాడు. బోర్డు మీద చివరి అంకె వేయాలి. అందరూ నా వైపు చూసినారు. జేబులో ఒక్క సుద్దముక్క మిగిలింది. పోయి రాసినాను. ఆదోని మూడు, ఎమ్మిగనూరు రెండు. పేర్ల కింద గీత కూడా గీసినాను.

వెనక నుంచి బావ గొంతు. "అక్షరాలు మాత్రం ముత్యాలప్పా."

చంద్రన్న చెంబు ఎత్తుకున్నాడు. జేబులో నుంచి రెండు పెన్నులు తీసి అక్కడే గుచ్చినాడు. ఖాదర్ భాయ్ క్యూ తన దగ్గరే పెట్టుకున్నాడు. పాత టిప్పు కోసేసి, కొన ఆరబెట్టి, కొత్తది అంటిస్తే బంక గట్టిపడేదానికి ఒక దినం పడుతుందన్నాడు. కోసేసిన పాత టిప్పును కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టినాడు. "పిల్లలకు చూపించండి సార్." ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది. సొరుగు తీస్తే తాత గుర్తొస్తాడు.

ఆ తర్వాత నెల దినాలు బావ ఫోన్ లేదు. మా అక్క మాత్రం చేసేది. "ఆయనకు కోపమేం లేదులేరా. అప్పుడప్పుడు ఊరికే జోలె వాసన చూసుకుంటాండాడు, అంతే," అనేది.

నిన్న సాయంత్రం ఫోన్ మోగింది. బావ!

"ఏమప్పా బామ్మర్దీ, కట్టు విప్పినారు."

"సంతోషం బావా!"

"సంతోషమేముంది? మణికట్టు గట్టిపడిపోయింది. డాక్టరు దినామూ నూనె పెట్టి రుద్దమన్నాడు. మీ అక్కకు తీరికలేదంట. నువ్వు రా."

"నేనా బావా?"

"ఆముదం పని నీకంటే తెలిసినోడు ఈ చుట్టుపక్కల ఎవురుండారు? ఒక్కటి గుర్తు పెట్టుకో. మళ్లీ శ్రావణానికి ఈ చెయ్యి బాగుకాకపోతే నా జాగాలో నువ్వే ఆడాల్సొస్తాది. ఎమ్మిగనూరు పరువు నీ చేతిలో ఉండాది. బాగా రుద్దు."

వస్తాను బావా అన్నాను. సుజాత ఆముదం సీసా తెచ్చి సంచిలో పెట్టింది. పక్కన ఆ స్టీలు గ్లాసు కూడా పెట్టింది.

అయితే ఈసారి నేను తొందరపడలేదు. బయలుదేరే ముందు ఖాదర్ భాయ్‌కి ఫోన్ చేసినాను. సంగతంతా చెప్పి, మనిషి చేతికి ఆముదం పెట్టొచ్చా అని అడిగినాను.

ఆయన సంగతంతా ఇంకోసారి చెప్పించుకున్నాడు. తర్వాత, ఒకటో తరగతి పిల్లవాడికి చెప్పినంత ఓపికగా చెప్పినాడు.

"పెట్టొచ్చు సార్. ఉయ్యాల కొక్కేనికి మాత్రం వేలాడదీయొద్దు."